కీర్తనలు నెలకొక్క ఆదివారమేనా? మీ సంఘాల్లో ఎలా ఉంది?

పల్లె లూథరన్
ప్రభువు నామంలో అందరికీ వందనాలు. మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లె. పోయిన నెల కమిటీ మీటింగులో ఒక తీర్మానం పెట్టారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఇక ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన) ఉండే మొదటి ఆదివారమే తీయాలట. మిగతా ఆదివారాలు కీబోర్డు, ప్యాడ్స్, స్క్రీన్ మీద కొత్త పాటలు. యూత్ పక్క ఊరి సంఘానికి పోతున్నారు, వాళ్లను నిలుపుకోవాలని కారణం చెప్పారు.

నేను వద్దని చెప్పబోతున్నాను. మా అమ్మకు చదువు రాదు. కానీ నూటికి పైగా కీర్తనలు చరణాలతో సహా నోటికొచ్చు. ఆమెకు వాక్యం అందిందే పాటలో. పోయిన ఆదివారం స్క్రీన్ మీద పాట నడుస్తుంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. నలభై ఏళ్లుగా ముందు వరుసలో గొంతెత్తిన మనిషి. ఇంటికొచ్చాక అడిగితే, 'నాకు రాదు కదరా' అంది, అంతే.

కీబోర్డు తమ్ముడు
వందనాలు అన్నయ్యా. అమ్మగారి మాట చదివి బాధేసింది. అయినా నా మాట కూడా వినండి. మా సంఘంలో వాయించేది నేనే. 'యెహోవామీద క్రొత్త కీర్తన పాడుడి' అని బైబిల్లో 96వ కీర్తనలోనే ఉంది. మీరు పాతవి అంటున్నవి ఒకప్పుడు కొత్తవే. దొరలు ఇంగ్లీషు పాటల్ని తెలుగులోకి దించి ఆ రాగాల్లోనే పాడిస్తున్న కాలంలో, పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) మన రాగాల్లో, మన తాళాల్లో పల్లవి, చరణాలతో కీర్తనలు రాశారు. ఆ రోజుల్లో అంతకంటే కొత్తదనం ఏముంది? మీరు లూథరన్లు. 1524లో మీ సంఘాలకు మూలపురుషుడు మార్టిన్ లూథర్ పాటలతో జర్మన్ భాషలో చిన్న పుస్తకం అచ్చయింది కూడా జనం తమ భాషలో పాడాలనే కదా. ఇప్పుడు మా వయసువాళ్లు మా ప్రార్థనను మా మాటల్లో పాడితే తప్పెలా అవుతుంది? డిగ్రీ ఫెయిలైన రాత్రి నన్ను పట్టి నిలబెట్టింది ఒక కొత్త పాటే. దాన్ని తేలిక చేసి మాట్లాడితే ఒప్పుకోను.

సండేస్కూల్ టీచరమ్మ
తమ్ముడూ, నిన్ను నిలబెట్టిన పాటను ఎవరూ తేలిక చేయడం లేదు. నేను ముప్పై ఏళ్లుగా క్వయర్‌లో ఉన్నాను, కొత్త పాటలూ నేర్పుతాను. నా బాధ శృతి దగ్గర. రికార్డింగులో మగ గాయకుడు ఎంత పైన పాడితే మనవాళ్లూ అదే శృతిలో మొదలుపెడతారు. పై స్థాయి అందుకుంటే ఆడవాళ్లకు గొంతు చీలుతుంది, కిందికి దించితే వినపడదు. రెండో చరణానికి సంఘమంతా ఊరుకుంటుంది. మైకులో ముగ్గురు పాడుతుంటారు, రెండు వందల మంది చూస్తుంటారు. బైబిల్లో కొలొస్సయి 3:16 ఒకరికి ఒకరు బోధించుకుంటూ పాడమంటుంది. ఇక్కడ ఎవరు ఎవరికి బోధిస్తున్నారు?

పాత పాటలోళ్లం మాత్రం తక్కువ తిన్నామా? ప్రతి కీర్తన నెత్తిన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. ఆనందభైరవి అని రాసి ఉంటే అదెలా ఉంటుందో మా క్వయర్‌లో ఇద్దరికి తెలుసు, ఇద్దరికీ అరవై దాటాయి. మిగతావాళ్లం విన్నదాన్నే ఈడ్చి ఈడ్చి పాడతాం. పిల్లలు పారిపోయేది ఆ ఈడ్పుకు, కీర్తనకు కాదు.

డల్లాస్ నుంచి
మా తెలుగు సంఘంలో పిల్లలకు తెలుగు చదవడం రాదు. తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో స్క్రీన్ మీద వేస్తాం. గ్రాంథికం ఉన్న చరణం వస్తే వాళ్లు ఆగిపోతారు. మాకు కొత్త పాటలు తప్పవు. అయితే క్రిస్మస్‌కు ఒక కీర్తనను నెల ముందునుంచి వారానికొక చరణం చొప్పున, అర్థం చెప్పి నేర్పాం. అది ఇప్పుడు కార్లో కూడా పాడుతున్నారు.

కీబోర్డు తమ్ముడు
అక్కా, మీరు చెప్పిన తాళం మాట నాకు తగిలింది. ఒక ఒప్పుకోలు రాస్తాను. త్రిపుట తాళం కీర్తన ఒకటి ఇచ్చినప్పుడు నా కీబోర్డులో దానికి సరిపడే ఏడు అక్షరాల (లెక్కల) స్టైల్, అంటే దానంతటదే మోగే తాళం, లేదు. నాలుగు దెబ్బల స్టైల్ పెట్టి, వరుసకొక అక్షరం సాగదీసి ఏడును ఎనిమిది చేసేశాను. సంఘంలో పెద్దవాళ్లు ప్రతి వరుస చివరా నాకంటే ముందు వెళ్లిపోయారు. వాళ్లకు తాళం రావడం లేదని నేను వాల్యూమ్ పెంచాను. తాళం తప్పింది నాది. స్టైల్ ఆపేసి డోలక్ తాతగారిని పిలవాల్సింది.

శృతి విషయం కూడా నిజమే. శృతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కితే సరిపోయేదానికి, రికార్డింగులా వినిపించాలని ఆ పట్టుదల.

పల్లె లూథరన్
తమ్ముడూ, నీలాంటివాడు మా సంఘంలో ఉంటే ఈ తీర్మానం వచ్చేదే కాదు. నా పట్టు కొంచెం సడలిస్తాను. కొత్త పాటలు వద్దనను. నెలకొక్క ఆదివారం అన్న లెక్కకు మాత్రం ఒప్పుకోను. ప్రతి ఆదివారం ఒక్క కీర్తన ఉండాలి, దాని తాళంలోనే ఉండాలి, మైకులు ఆపి సంఘమే పాడాలి. కొత్త పాట అయితే ఆరాధనకు ముందు పది నిమిషాలు అందరికీ నేర్పాలి, చదువు రానివాళ్ల కోసం వరుస వరుసా చెప్పి. ఇదే రాసిచ్చి కమిటీ ముందు పెడతాను.

సండేస్కూల్ టీచరమ్మ
శృతి సంగతి కూడా రాయండి అన్నయ్య గారూ. ఎవరో కుర్రాడి గొంతును బట్టి కాకుండా, అమ్మగారిని ముందు కూర్చోబెట్టి ఒక పల్లవి పాడమనండి. ఆమె ఎక్కడ ఎత్తుకుంటే అక్కడే కీబోర్డు మొదలుపెట్టమనండి.

కీబోర్డు తమ్ముడు
అన్నయ్యా, అమ్మగారు ఒక కీర్తన పాడుతుంటే ఫోన్‌లో రికార్డు చేసి పంపుతారా? త్రిపుటలో ఉన్నదైతే మరీ మంచిది. ఆదివారంలోపు నేర్చుకుంటాను.