తెరచాప ఓడలో అట్లాంటిక్ ప్రయాణం: రోజు ఎలా గడుస్తుంది? ఏం సర్దుకోవాలి?

ప్రశ్న (గాజువాక, డిగ్రీ మూడో ఏడాది)

అందరికీ నమస్కారం. నేను ఎన్‌సీసీ నేవల్ వింగ్ కేడెట్‌ని. విద్యార్థులకి శిక్షణ ఇచ్చే తెరచాప ఓడలో సీటు వచ్చింది. కెనరీ దీవుల్లోని లాస్ పాల్మాస్ నుంచి కరీబియన్ దాకా, సుమారు 2,700 నాటికల్ మైళ్లు, మూడు వారాల ప్రయాణం. జనవరిలో బయలుదేరాలి. ఇక్కడ హార్బర్‌లో వేలర్ (తెడ్లతో, తెరచాపతో నడిచే చిన్న పడవ) నడిపాను గానీ, ఒక్క రాత్రి కూడా సముద్రం మీద పడుకోలేదు. అక్కడ రోజంతా ఏం చేస్తారు? నాకు అరకు ఘాట్ రోడ్డులోనే వాంతులవుతాయి, మరి అక్కడెలా? స్నానం, తిండి సంగతేంటి? తుఫాను వస్తే ఎలాగని మా అమ్మమ్మ రెండ్రోజులుగా సరిగ్గా అన్నం కూడా తినట్లేదు.

జవాబు (భీమిలి)

చెల్లీ, ముందు అమ్మమ్మగారికి ఈ మాట చెప్పు. అట్లాంటిక్‌లో తుఫాన్ల కాలం జూన్ నుంచి నవంబరు దాకా. జనవరికి అది అయిపోతుంది. ఆ దారిలో ఈశాన్యం నుంచి వీచే వ్యాపార పవనాలు ఓడని వెనక నుంచి తోస్తూ ఉంటాయి. 1492లో కొలంబస్ కూడా కెనరీ దీవుల్లో ఆగి, అదే గాలి పట్టుకుని పడమటికి వెళ్లాడు. అప్పటికీ అమ్మమ్మగారు ఊరుకోకపోతే మన విశాఖ అమ్మాయి స్వాతి గురించి చెప్పు. 2017 సెప్టెంబరులో ఆరుగురు నేవీ ఆఫీసర్లు, అందరూ ఆడవాళ్లే, ‘తారిణి’ అనే 17 మీటర్ల పడవలో గోవా నుంచి బయలుదేరి, ప్రపంచం చుట్టి 2018 మేలో తిరిగొచ్చారు. ఆ ఆరుగురిలో ఆవిడ ఒకరు.

నేను నాలుగేళ్ల కిందట ఇదే దారిలో వేరే ఓడలో వెళ్లొచ్చాను. నన్నడిగితే అక్కడ నిజంగా కష్టపెట్టేది తుఫాను కాదు, నిద్ర. మామూలుగా మూడు జట్లు చేస్తారు. నాలుగు గంటలు డ్యూటీ, ఎనిమిది గంటలు ఖాళీ. ఖాళీ అనేది పేరుకే. క్లాసులు, గిన్నెలు, బాత్రూమ్ కడగడం, తెరచాప మార్చాలంటే అందరూ పైకి రావడం, అన్నీ అందులోనే. అందుకని పగలు దొరికిన గంటన్నర కూడా కబుర్లలో పోగొట్టుకోకు. నాలుగో రోజుకల్లా తేడా తెలిసిపోతుంది: పడుకున్నవాళ్లు నవ్వుతూ ఉంటారు, పడుకోనివాళ్లు చిన్న మాటకే కళ్లనీళ్లు పెట్టుకుంటారు. నేను రెండో రకంలో ఉన్నాను.

రాత్రి 12 నుంచి 4 దాకా డ్యూటీ అనుకో. పదిహేను, ఇరవై నిమిషాల ముందు ఎవరో వచ్చి చెవి దగ్గర పేరు పెట్టి పిలుస్తారు. “గాలి పెరిగింది, జాకెట్ వేసుకో” అని చెప్పి వెళ్తారు. చేతిలో ఎర్ర టార్చి ఉంటుంది. తెల్ల లైటు వేస్తే చీకటికి అలవాటు పడ్డ కళ్లు మళ్లీ కుదురుకోవడానికి అరగంట పడుతుంది, అందుకే ఎర్రది. బట్టలు, హార్నెస్ (సముద్రంలో పడిపోకుండా ఒంటికి కట్టుకుని ఓడకి తగిలించుకునే పట్టీ), టార్చి ఎప్పుడూ ఒకే చోట, ఒకే వరసలో పెట్టుకో, చీకట్లో తడుముకోకుండా దొరకాలి. పైకి అడుగు పెట్టకముందే హార్నెస్ కొక్కెం తగిలించాలి. దీనికి మినహాయింపు లేదు, సముద్రం అద్దంలా ఉన్నా సరే.

చుక్కాని పట్టుకున్నప్పుడు కంపాస్‌నే చూస్తూ కూర్చుంటే తల తిరుగుతుంది. ఓడ ముందు, తాళ్ల మధ్యలో ఒక నక్షత్రం చూసుకుని దాని మీదకి నడుపు. మీరు వెళ్లేది పడమటికి కాబట్టి అది కిందకి దిగిపోతూ ఉంటుంది. పది, పదిహేను నిమిషాలకోసారి కంపాస్ సరిచూసుకుని ఇంకోటి పట్టుకోవాలి. నాకు ఆ ప్రయాణంలో అన్నిటికంటే ఇష్టమైన పని అదే.

వాంతుల గురించి: క్యాబిన్ కదలట్లేదని కళ్లు అంటాయి, కదులుతోందని లోపలి చెవి అంటుంది. ఆ తగువే సీ సిక్‌నెస్. చాలామందికి రెండు, మూడు రోజుల్లో సర్దుకుంటుంది. మాత్ర వాంతి మొదలయ్యాక కాదు, ముందే వేసుకోవాలి. ఏది, ఎంత అన్నది డాక్టర్ని అడుగు. కొన్ని బాగా మత్తిస్తాయి, కాబట్టి ఇంటి దగ్గరే ఒకసారి వేసుకుని చూడు. కింద కూర్చోకు. పైకి వచ్చి సముద్రం, ఆకాశం కలిసే గీతని చూడు. పెదజాలారిపేటలో మాకు తెలిసిన బాబాయి కూడా, కొత్తగా వేటకి వచ్చిన కుర్రాళ్లకి ఇదే చెప్పేవాడు. కడుపు ఖాళీగా ఉంచకు, బిస్కెట్లు నములుతూ ఉండు. వాంతి వస్తే గాలి పోయే వైపుకి వెళ్లు.

ఇక నా తప్పు ఒకటి చెప్తాను. మొదటి వారం బద్ధకించి, ఉప్పునీళ్లకి తడిసిన ప్యాంటుతోనే బెర్త్ ఎక్కేశాను. ఉప్పు చెమ్మని లాగుతుంది, వానాకాలంలో వంటింటి ఉప్పు డబ్బాలాగే. ఆ బట్ట ఎంతకీ ఆరదు. తొడల మీద, మణికట్ల దగ్గర పుండ్లు లేచి పది రోజులు బాధపడ్డాను. ఒక పొడి జత పడుకోవడానికి మాత్రమే ఉంచుకుని, దాన్ని కవర్లో కట్టి పెట్టు. జీన్స్ వద్దు. మా ఓడలో స్నానం బకెట్ సముద్రపు నీళ్లతో, చివర్లో ఒక మగ్గు మంచినీళ్లు. ఆ మగ్గుతో ముందు ఉప్పు పోవాలి, తర్వాతే జుట్టు.

నెలసరి సంగతి కూడా మొహమాటం లేకుండా చెప్తున్నాను. ప్యాడ్లు టాయిలెట్‌లో వేస్తే పంపు మూసుకుపోతుంది. సముద్రంలో ప్లాస్టిక్ ఎక్కడా పారేయకూడదని అంతర్జాతీయ నియమం. గట్టిగా మూసుకునే కవర్లు తీసుకెళ్లు, రేవు చేరాక పారేయొచ్చు.

జవాబు (మర్రిపాలెం, ఓడల్లో వంట చేసి రిటైర్ అయ్యాను)

తల్లీ, తిండి గురించి నేను చెప్తాను. ఆకుకూరలు మొదటి వారంలోనే అయిపోతాయి. ఆ తర్వాత క్యాబేజీ, ఉల్లి, బంగాళాదుంప. అరటిపళ్లు గెల మొత్తం ఒకేసారి ముగ్గుతాయి, మూడు రోజులు అందరూ అవే తినాలి. ఆవకాయ పట్టుకెళ్లొద్దు. సీసా పగిలి నేల మీద నూనె పడితే, ఊగే ఓడలో కాళ్లు విరుగుతాయి. కందిపొడి, కారప్పొడి గట్టి డబ్బాల్లో పెట్టుకో. తెరచాప ఓడల్లో పొయ్యి ఉయ్యాలలా వేలాడుతుంది. ఓడ వాలినా గిన్నె నిటారుగానే ఉంటుంది. అలాగని గిన్నె నిండా నీళ్లు పొయ్యకు, సగమే. వంట వంతు వచ్చినప్పుడు ఎంత ఉక్కగా ఉన్నా నిండు ప్యాంటు, ముందు కప్పిన బూట్లు వేసుకోవాలి.

ప్రశ్న అడిగిన అమ్మాయి

అక్కా, బాబాయ్‌గారూ, చాలా థాంక్స్. స్వాతిగారి ఫొటో చూపించాను. అమ్మమ్మ ‘మన ఊరి పిల్లేనా?’ అని మూడుసార్లు అడిగింది. ఇంకో రెండు: ఫోన్ ఉంటుందా? ఈ రెండు నెలల్లో ఇక్కడే ఏం నేర్చుకోవచ్చు?

జవాబు (భీమిలి)

తీరం దాటాక మొబైల్ సిగ్నల్ ఉండదు. ఓడలో శాటిలైట్ ఫోన్ ఉంటుంది గానీ అది అవసరాలకే. ‘ఫోన్ రాకపోతే కంగారు పడకండి’ అని ఇంట్లో ఇప్పటి నుంచే చెప్పు, ఓడ ఎక్కే రోజు కాదు. దారిలో గడియారం నాలుగుసార్లు గంట చొప్పున వెనక్కి తిప్పుతారని కూడా చెప్పు, లేకపోతే టైమ్ లెక్కలో కంగారు పడతారు.

నేర్చుకోవాల్సింది బోలైన్ ముడి, అంటే తాడు చివర జారిపోని ఉచ్చు వేసే ముడి. ఫిషింగ్ హార్బర్ దగ్గర తాళ్లు అమ్మే షాపుల్లో వేలు లావు తాడు రెండు మీటర్లు కొనుక్కో. ముందు చూస్తూ వెయ్యి, తర్వాత కళ్లు మూసుకుని, ఆ తర్వాత నీళ్లలో చేతులు తడుపుకుని, చివరికి ఎడమ చేత్తో. వచ్చే ఆదివారం పొద్దున ఆర్కే బీచ్‌కి వస్తే నేను చూస్తాను.