మూజువాణిలో వాణి ఎక్కడుంది?

కడప నుంచి:
అందరికీ నమస్కారం. నిన్న తొమ్మిదో తరగతిలో పేపరు చదివిస్తుంటే ‘బిల్లు మూజువాణి ఓటుతో ఆమోదం పొందింది’ అని వచ్చింది. ఒక పిల్లాడు లేచి, “వాణి అంటే మాట కదా సార్, మరి మూజు అంటే ఏంది?” అన్నాడు. రేపు చెప్తాలేరా అని తప్పించుకున్నా. స్టాఫ్ రూంలో అడిగితే ఒకాయన ‘మూగవాణి’ అలా అయిందన్నాడు. గొంతు చించుకుని అరిచేదానికి మూగ ఎందుకొచ్చిందో ఆయనకే తెలియాలి. ఎవరైనా ఆదుకోండి, రేపటికి టైం లేదు.

కర్నూలు నుంచి:
సార్, మీరు నిలదీయాల్సింది మూజును కాదు, వాణిని. అసలందులో వాణి లేదు. ఉర్దూలో ‘ముంహ్ జబానీ’ అంటే కాగితంతో పని లేకుండా నోటితో చెప్పడం. జబాన్ అంటే నాలుక, పార్సీ మాట. మా పాతబస్తీలో పిల్లల్ని ‘పాఠం జబానీ వచ్చిందా’ అని అడుగుతారు, చూడకుండా అప్పజెప్తావా అని. ఆ జబానీ మన నోట్లో జువాని అయింది. మనవాళ్ల చెవికి వాణిలా వినబడి ణ తగిలించేశారు.

తమాషా ఏమంటే, ఇందులో సంస్కృతం కావాలంటే మీ పిల్లాడికి అర్థం కాని ‘మూ’లోనే వెతకాలి. హిందుస్తానీ ‘ముంహ్’కు మూలం మన ‘ముఖం’. సంస్కృతం అనుకున్న వాణి పార్సీదైంది, ఎక్కడిదో అనుకున్న మూ సంస్కృతానిదైంది!

నేను దస్తావేజులు రాసేవాణ్ని కాబట్టి ఈ మాట నాకు సభకంటే ముందు కోర్టు దగ్గర తెలుసు. దస్తావేజు సాక్ష్యం ఒకటైతే, బోనెక్కి నోటితో చెప్పే మూజువాణి సాక్ష్యం ఇంకొకటి. మీ కడపలో ఉండి పనిచేసిన బ్రౌన్ దొర ఇట్లాంటి కోర్టు, ఆఫీసు మాటల కోసం 1854లో వేరే నిఘంటువే వేశాడు.

అనంతపురం నుంచి:
మా ఊళ్లో గుడి చింతచెట్ల వేలాన్ని మా తాత ‘మూజువాణి పాట’ అనేవాడు. కానీ అక్కడ పాడినవాడి పేరు, రేటు అందరికీ వినిపిస్తాయి. సభలో గుంపుగా అరిస్తే ఎవరు ఎటో ఎట్లా తెలుస్తుందన్నా? ఇది ఓటా, గోలా?

కర్నూలు నుంచి:
తెలీదు తల్లీ, అదే దాని లోపం. స్పీకర్ ప్రశ్న పెడతారు. ఒప్పుకున్నవాళ్లు అవునంటారు, లేనివాళ్లు కాదంటారు. ఏది ఎక్కువ వినిపించిందో స్పీకరే చెప్తారు. నచ్చనివాళ్లు అప్పుడే ‘డివిజన్’ అడగాలి. అడిగితే గంట మోగుతుంది, బయట ఉన్నవాళ్లు పరుగున వస్తారు, తలుపులు మూస్తారు, తలలు లెక్కపెడతారు.

ఆ లెక్క విలువ మా ఊరికి బాగా తెలుసు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు రాజధాని కర్నూలే, ఆఫీసులు డేరాల్లో నడిచాయి. ఏడాది తిరిగిందో లేదో, 1954 నవంబరులో మద్యనిషేధం గొడవలో ప్రకాశం పంతులు ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఒక్క ఓటు! అరుపుల్లో అది తేలేదా?

కొన్నిటికి లెక్క తప్పదు కూడా. శాసనమండలి రద్దు కోరుతూ శాసనసభ తీర్మానం చేయాలంటే రాజ్యాంగం 169వ అధికరణం ప్రకారం మొత్తం సభ్యుల్లో సగానికి పైగా, ఓటేసినవాళ్లలో మూడింట రెండొంతులు కావాలి. 2020 జనవరి 27న అట్లాగే తలలు లెక్కపెడితే 133 వచ్చాయి. (మరుసటేడు ఆ తీర్మానాన్నే వెనక్కి తీసుకున్నారు, అది వేరే కథ.)

అనంతపురం నుంచి:
రాష్ట్రం విడిపోయినప్పుడు మరి?

కర్నూలు నుంచి:
ఆ మాట ఇంటింటికీ తెలిసిందే అప్పుడు. 2014 జనవరి 30న విభజన బిల్లును తిరస్కరిస్తూ మన శాసనసభలో తీర్మానం నెగ్గింది, మూజువాణితో. ఫిబ్రవరి 18న అదే బిల్లు లోక్‌సభలో గట్టెక్కింది, అదీ మూజువాణితోనే. వద్దన్నదీ నోరే, సరేనన్నదీ నోరే. టీవీ ముందు కూర్చున్న మాకు రెండోసారి ఆ నోరు కూడా వినబడలేదు, ప్రసారం ఆగిపోయింది.

కడప నుంచి:
చెప్పేశా సార్. ముఖం దగ్గర క్లాసంతా ఒకటే నవ్వు. వాడు మాత్రం ఊరుకోలేదు, “మరి సభ వాయిదా అంటారే, అది?” అన్నాడు.

కర్నూలు నుంచి:
అదీ అటునుంచి వచ్చిందే. అసలు అర్థం మాట ఇవ్వడం, గడువు పెట్టుకోవడం. అప్పు వాయిదా కడతాం చూడండి, అక్కడ ఇంకా ఆ అర్థం మిగిలుంది. కోర్టు వాయిదా అన్నా ఫలానా రోజు రమ్మనే. సభకు వచ్చేసరికి మాత్రం లేచిపోవడం అయింది. ‘నిరవధిక వాయిదా’ అయితే మరీ అన్యాయం, గడువు లేని గడువు!