ట్రౌట్ చేప గుండెకి అంత మంచిదా? మన కానాగంతలు చాలవా?

బొబ్బిలి కోడలు
మా మావగారికి ఈమధ్యే స్టెంట్ వేశారు. వారానికి రెండుసార్లు చేప పెట్టమన్నారు డాక్టరు గారు. మా మరిదికి హిమాచల్‌లో ఉద్యోగం. అక్కడి ట్రౌట్ గుండెకి చాలా మంచిదట, ఐస్‌లో పెట్టి తెస్తానంటున్నాడు. ఎవరైనా తిన్నారా? అంత దూరం నుంచి తెప్పించుకోవాల్సినంత ఏముంది అందులో?

మాజీ జవాన్, ఆమదాలవలస
కాశ్మీర్‌లో డ్యూటీ చేసినప్పుడు తిన్నానమ్మా. చల్లటి నీళ్లలో బతికే చేప, మన చెరువుల్లో పెరగదు. పొలుసు చాలా సన్నం, తోలుతోనే వండేస్తారు. నీచు వాసన తక్కువ. కండ మెత్తన, పులుసులో గరిటె పెట్టారంటే ముక్క విడిపోతుంది. గిన్నె పట్టుకుని తిప్పాలి. ఉప్పు, పసుపు, మిరియాలు పట్టించి పెనం మీద కాస్త నూనెతో కాల్చితే ఇంకా బాగుంటుంది.

డైటీషియన్, విజయనగరం
మంచి చేపే, అనుమానం లేదు. పెంపకం ట్రౌట్ 100 గ్రాముల్లో సుమారు 20 గ్రాముల ప్రొటీన్, 6 గ్రాముల కొవ్వు, 140 కేలరీలు ఉంటాయి. ఒమేగా-3 అనే మంచి కొవ్వు ఉండేది అందులోనే. ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు) తగ్గడానికి అది పనికొస్తుంది. నాకైతే అందులోని విటమిన్ డి ఇంకా విలువైనదనిపిస్తుంది, ఎందుకంటే తిండిలో అది దొరికే పదార్థాలే తక్కువ. బి12 కూడా బాగా ఉంటుంది. పాదరసం తక్కువ కాబట్టి గర్భిణులకీ పిల్లలకీ పెట్టొచ్చు.

చేప మంచిదన్నారని చేప నూనె మాత్రలు మాత్రం సొంతంగా మొదలుపెట్టకండి. స్టెంట్ తర్వాత రక్తం గడ్డకట్టకుండా మందులు వాడతారు, వాటికి ఇవి తోడైతే ఇబ్బంది రావచ్చు, డాక్టర్ని అడిగే వేసుకోవాలి.

కళింగపట్నం తీరం
అక్కా, ఒమేగా-3 కోసమే అయితే మన కానాగంతలు, కవళ్లు ఏం తక్కువ? అవీ కొవ్వు చేపలే. బొచ్చె, శీలావతిలో అంత ఉండదు. కాకపోతే తాజాగా ఉండాలి. కన్ను మెరుస్తూ, మొప్పలు ఎర్రగా ఉంటేనే తీసుకోండి. ఐస్ లేకుండా ఎండలో పెట్టిన కానాగంతని అస్సలు కొనొద్దు. అందులో హిస్టమిన్ తయారవుతుంది, ఎంత ఉడికించినా పోదు. తిన్న కాసేపటికే మొహం ఎర్రబడి, దద్దుర్లు, తలనొప్పి వచ్చేస్తాయి.

కవిటి కొబ్బరితోట
కిడ్నీ జబ్బులు ఎక్కువున్న మా ఉద్దానం వాళ్లు ఇది తప్పకుండా చదవాలి. కిడ్నీ జబ్బు ఉంటే ప్రొటీన్, ఫాస్ఫరస్ లెక్క చూసుకోవాలి. ట్రౌట్‌లో రెండూ ఎక్కువే. మా పెదనాన్నకి రిపోర్టులు చూసి చేప ఎంత పెట్టాలో చెప్పారు. ఆయన ముక్క ముందే వేరే గిన్నెలోకి తీసేస్తాం. డయాలసిస్ మొదలయ్యాక ప్రొటీన్ పెంచమన్నారు. అంటే ఒకే జబ్బుకి కూడా అందరికీ ఒకే లెక్క కాదు.

బొబ్బిలి కోడలు
అందరికీ థాంక్స్. మావగారికి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూసే రక్తపరీక్ష) నార్మలే, ఆ టెన్షన్ లేదు. ఆయనకి ఎండు చేపలంటే ప్రాణం. అవీ ఈ రెండుసార్లలోకి వస్తాయా?

డైటీషియన్, విజయనగరం
రావమ్మా. వాటిలో ఉప్పు చాలా ఎక్కువ, బీపీ పెరుగుతుంది. తాజా కానాగంతల పులుసు పెట్టండి, ఉప్పు తగ్గించి. మీ మరిది తెచ్చే ట్రౌట్ గట్టిగా గడ్డకట్టి ఉంటే ఫ్రిజ్ కింది అరలో పెట్టి నెమ్మదిగా కరగనివ్వండి. దారిలోనే ఐస్ కరిగిపోయి, మెత్తబడి వాసన వస్తుంటే మొహమాటపడకుండా పారేయండి.