అప్‌డేట్: లైసెన్సు నంబరు నిజమైనదే, కానీ ఆ సైటుది కాదు

లండన్‌లో ఉంటున్న మా తమ్ముడు డబ్బు జమ చేయాలనుకుంటున్న ఒక క్యాసినో సైటుకు అనుమతి ఉందో లేదో ఎలా తెలుసుకోవాలని ఇంతకు ముందు అడిగాను. మీరు సూచించినట్లే, సైటు అడుగున ఉన్న లైసెన్సు ముద్రను పక్కన పెట్టి, జూద సంస్థలకు లైసెన్సులిచ్చే బ్రిటన్ గ్యాంబ్లింగ్ కమిషన్ పబ్లిక్ రిజిస్టర్‌ను నేరుగా తెరిచి చూశాము.

సైటులో ఇచ్చిన లైసెన్సు ఖాతా నంబరుతో వెతికితే ఒక సంస్థ పేరు కనిపించింది, దాని లైసెన్సు కూడా అమలులోనే ఉంది. అయితే ఆ సంస్థ నమోదు చేసుకున్న డొమైన్ పేర్లలో ఈ సైటు చిరునామా లేదు. నంబరు సరిపోయిందని అక్కడితో ఆగిపోకుండా డొమైన్ పేరు కూడా చూడమన్న వారికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు, ఎందుకంటే అసలు విషయం తేలింది అక్కడే.

పైగా ఆ సైటు క్రెడిట్ కార్డులు తీసుకుంటోంది. బ్రిటన్‌లో లైసెన్సు ఉన్న ఆన్‌లైన్ క్యాసినోలు 2020 ఏప్రిల్ 14 నుంచి వాటిని తీసుకోకూడదు. జూదానికి తమను తాము దూరం పెట్టుకోవాలనుకునే వారి కోసం ఉన్న గామ్‌స్టాప్ అనే సేవ ప్రస్తావన కూడా ఎక్కడా లేదు. లైసెన్సు ఉన్న ఆన్‌లైన్ సంస్థలన్నీ అందులో చేరి తీరాలి.

తమ్ముడు డబ్బు కట్టలేదు, కమిషన్‌కు ఫిర్యాదు పంపాడు. తెలంగాణ నుంచి ఇదే ప్రశ్న అడిగిన వారికి ఒక మాట: అక్కడ 2017 నుంచే డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ జూదంపై నిషేధం ఉంది కనుక, విదేశీ లైసెన్సు చూపించినా ఆ సైటు చట్టబద్ధం కాదు.