తోలుబొమ్మల షార్ట్ ఫిల్మ్: వెలుతురు నిలవడం లేదు, ఎవరైనా చెప్పండన్నా

పెన్న_ఒడ్డు (అనంతపురం):
రాత్రంతా కూర్చున్నా పని కాలేదు. రెండు నిమిషాల యానిమేషన్ షార్ట్ ఫిల్మ్ చేస్తున్నా. తోలుబొమ్మను కొంచెం జరిపి ఫొటో, మళ్లీ జరిపి ఫొటో. అన్నీ కలిపి ప్లే చేస్తే పెళ్లి పందిట్లో సీరియల్ బల్బుల్లా మినుకుమంటోంది. ఎడిటింగ్ యాప్ మార్చినా అదే. శుక్రవారం లోపల పంపాలి, టెన్షన్‌తో తల పగిలిపోతోంది.

బురుజు_నీడ (కర్నూలు):
లైటు ఏది? కెమెరా ఏది?

గండికోట_గాలి (కడప):
ముందు బొమ్మలు యాడివో చెప్పప్పా. లాంప్ షేడ్ల కోసం చేసినవైతే కీళ్లు కదలవు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటకు పోయి చూడు. మేకతోలు పలచగా చేసి, సన్నగా చిల్లులు కొట్టి, వెలుగు దూరేలా రంగులేస్తారు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఇంత కళ పక్కనే పెట్టుకుని మన పిల్లోళ్లు సాఫ్ట్‌వేర్ల ఎనకాల పడతారు. జర్మనీలో లోటే రైనిగర్ అనే ఆమె 1920లలోనే నల్ల అట్ట బొమ్మలు కత్తిరించి, గాజు బల్ల కింద దీపం పెట్టి, పైనుంచి ఒక్కో ఫ్రేమూ తీసింది. ఆమెకు ఏ యాప్ ఉండింది?

పెన్న_ఒడ్డు:
బొమ్మలు నిమ్మలకుంటవే అన్నా. నా బాధ వెలుతురుతో. ఫోన్‌ను స్టాండుకు బిగించి తీస్తున్నా, తెర వెనక ఎల్‌ఈడీ బల్బు పెట్టినా.

బురుజు_నీడ:
ఫోన్ కెమెరా ఆటో మోడ్‌లో ఉందా?

పెన్న_ఒడ్డు:
మామూలుగా కెమెరా తెరిచి తీసినా.

బురుజు_నీడ:
అదే రోగం.

ఒక్కో_ఫ్రేమ్ (ప్రొద్దుటూరు):
ఆటోలో ఉంటే ఫోన్ ప్రతి ఫొటోకూ వెలుతురు కొత్తగా లెక్కేసుకుంటుంది. బొమ్మ తెర నిండా వస్తే చీకటనుకుని పెంచుతుంది, పక్కకు పోతే తగ్గిస్తుంది. కెమెరాలో అన్నీ మనమే పెట్టుకునే ప్రో మోడ్‌లో ఐఎస్‌ఓ (వెలుతురును ఎంత పెంచి చూపాలో), షట్టర్ (ఎంతసేపు వెలుతురు తీసుకోవాలో), వైట్ బ్యాలెన్స్ (రంగుల ఛాయ), ఫోకస్ నాలుగూ కదలకుండా లాక్ పెట్టు. షట్టర్ 1/25 సెకను. మన కరెంటు 50 హెర్ట్జ్, నాసిరకం ఎల్‌ఈడీ సెకనుకు 100 సార్లు మినుకుతుంది. షట్టర్ మరీ వేగంగా ఉంటే ఒక ఫొటోకు వెలుగు చిక్కుతుంది, ఇంకోదానికి చిక్కదు. ఫొటో తీసేటప్పుడు బొమ్మ కదలదు కాబట్టి నెమ్మది షట్టర్‌తో నష్టం లేదు. కిటికీ మూసెయ్. తెల్లచొక్కా వేసుకుని దగ్గర నిలబడినా ఆ వెలుగు తెర మీద పడుతుంది, ముదురు రంగుది వేసుకో. ఒక సెకను సినిమాకు 12 ఫొటోలు చాలు.

గండికోట_గాలి:
12 ఏంది? సినిమా అంటే 24 ఫ్రేములు.

ఒక్కో_ఫ్రేమ్:
ఒక్కో ఫొటోను రెండు ఫ్రేములు నిలబెడితే 24 అయింది కదా. ‘ట్వోస్ మీద తీయడం’ అంటారు.

గండికోట_గాలి:
అట్లయితే 24 అనే చెప్పాల. 12 అంటే కొత్తోళ్లు ప్రాజెక్టే 12లో పెట్టుకుంటారు.

బురుజు_నీడ:
ఫొటోలు 12, ఫ్రేములు 24. వదిలెయ్యండి.

గండికోట_గాలి:
ఎట్ల వదిలేస్తాం? అసలు తోలుబొమ్మలాటకు ఈ లెక్కలే లేవు, తాళానికి తగ్గట్టు ఆడిస్తారు. దీన్ని యానిమేషన్ అనొచ్చా అనేదే నా సందేహం.

ఒక్కో_ఫ్రేమ్:
ఆగి ఆగి తీస్తున్నాడు కదన్నా, స్టాప్ మోషన్ కాకపోతే ఇంకేమి?

పెన్న_ఒడ్డు:
అన్నా, ఇంతవరకూ తీసినవన్నీ పారేయాల్నా?

బురుజు_నీడ:
ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే వీడియో సాఫ్ట్‌వేర్‌లో మినుకు తగ్గించే డీఫ్లికర్ ఫిల్టర్ ఉంది, ఉచితం. కొంత తగ్గుతుంది. మళ్లీ తీయడమే మేలు.

పెన్న_ఒడ్డు:
లాక్ పెట్టి ఒక సీన్ తీసి చూసినా. చాలావరకు పోయింది, అంచుల్లో ఇంకా కొంచెం ఉంది. థ్యాంక్స్.

రంగుల_డబ్బా (అనంతపురం):
ఇక్కడే అడుగుతున్నా, ఏమనుకోకండి. బొమ్మ మోచేతికి దారం కడితే నాలుగు షాట్లకే వదులైపోతోంది. మీరు ఏం వాడుతున్నారు?