20 గంటల జీతంలో ఇంత కటింగా? (యూకే స్టూడెంట్ వీసా)

కోవెంట్రీ_శీను: అన్నలూ అక్కలూ, ఏజెన్సీ ద్వారా వేర్‌హౌస్‌లో చేరా, గంటకి 12.21, వారానికి 20 గంటలు, అంటే 244.20 పౌండ్లు కదా, అకౌంట్లో 195 చిల్లర పడింది. పేస్లిప్‌లో ట్యాక్స్ కోడ్ బీఆర్ అని ఉంది. బ్రేక్‌కి కూడా కోస్తారా? హాలిడే పే ఎప్పుడిస్తారు?

హేమ_షెఫీల్డ్: బీఆర్ అంటే మొదటి పౌండ్ నుంచే 20 శాతం. జాబ్‌లో చేరేటప్పుడు నింపే స్టార్టర్ చెక్‌లిస్ట్ ఫామ్‌లో ఇంకో జాబ్ ఉందని టిక్ పెట్టావేమో చూడు. మా కేర్ హోమ్ మేనేజర్ అయితే నా ఫామ్ సొరుగులో పడేసి మర్చిపోయింది, క్రిస్మస్ డబ్బులన్నీ ట్యాక్స్‌కే, ఇప్పటికీ తల్చుకుంటే మండుతుంది

పేరోల్_మావయ్య: 15 ఏళ్లుగా లండన్‌లో ఈ జీతాల లెక్కల పనే చేస్తున్నా, వినండి. హెచ్‌ఎంఆర్‌సీ (ఇక్కడి ట్యాక్స్ ఆఫీస్) వాళ్ల ఆన్‌లైన్ అకౌంట్లో జాబ్ వివరాలు సరిచేస్తే 1257ఎల్ అనే మామూలు ట్యాక్స్ కోడ్ ఇస్తారు. ఏడాదికి 12,570 దాకా ట్యాక్స్ లేదు. అక్టోబర్‌లో చేరినోడికి ట్యాక్స్ ఏడాది ముగిసే ఏప్రిల్ 5 లోపు 20 గంటల మీద అంత రానే రాదు, కోసిందంతా తర్వాతి జీతాల్లో కలిసొస్తుంది. ఎన్‌ఐ (నేషనల్ ఇన్సూరెన్స్) కటింగ్ వేరు, వారానికి 242 దాటినదాని మీద 8 శాతం. నీకు 18 పెన్నీలు.

రవి_రాజమండ్రి: ఎన్‌ఐ కూడా ఏడాది చివర లెక్కేసి వెనక్కిస్తారు, మా ఫ్రెండ్‌కి ఇచ్చారు

పేరోల్_మావయ్య: ఇవ్వరు. ఎన్‌ఐ ఏ జీతానికి ఆ జీతమే. సమ్మర్లో 40 గంటలు చేసి వారానికి 488.40 తెచ్చుకుంటే 19.71 పోతుంది, తర్వాత నెలంతా రూమ్‌లో పడుకున్నా అది రాదు. మీవాడికొచ్చింది ట్యాక్స్ అయ్యుంటుంది.

రవి_రాజమండ్రి: అంటే వాడు అబద్ధమాడాడా? ఎవరికి వాళ్లు ఎక్స్‌పర్ట్ అని రాసుకుంటే సరిపోయిందా

పేరోల్_మావయ్య: పేస్లిప్ చూపించమను బాబూ, తేలిపోతుంది.

రవి_రాజమండ్రి: చూపించడానికి మీరేమన్నా హెచ్‌ఎంఆర్‌సీనా??

పద్మ_ఖమ్మం: మీ గొడవలో పెన్షన్ సంగతి ఎవరికీ పట్టదు. 22 దాటి, ఏడాదికి 10,000 పైన వచ్చే లెక్క ఉంటే కంపెనీవాళ్లే పెన్షన్‌లో చేర్చేస్తారు, నెలలోపు ఆప్ట్ అవుట్ చేస్తేనే, అంటే నాకొద్దని చెప్తేనే కట్టింది వెనక్కొస్తుంది. నా లెటర్ పాత అడ్రస్‌కి పోయింది, ఆ డబ్బు ఇక 57 ఏళ్లకి!

లూటన్_కిరణ్: కంపెనీ కూడా వేస్తుంది కదక్కా, ఫ్రీ డబ్బులు వదులుకోవడమెందుకు

పద్మ_ఖమ్మం: ఈ నెల రెంట్ నువ్వు కడతావా తమ్ముడూ?

లూటన్_కిరణ్: ఈ గోలంతా ఎందుకు, పేస్లిప్ లేకుండా చేతికి డబ్బిచ్చే క్యాష్ ఇన్ హ్యాండ్ పని చూస్కోండి

హేమ_షెఫీల్డ్: పిల్లలకి చెప్పే మాటలేనా ఇవి? అన్ని జాబ్‌లూ కలిపి టర్మ్‌లో (క్లాసులు నడిచే రోజుల్లో) వారానికి 20 గంటలే, దొరికితే వీసా గోవిందా. ఇంట్లో లోన్ ఎవడు కడతాడు?

లీడ్స్_నాని: శీనూ, ఆరు గంటలు దాటిన షిఫ్ట్‌కి 20 నిమిషాల బ్రేక్ ఇవ్వాలి గానీ దానికి డబ్బులివ్వాలని రూల్ లేదు, కాంట్రాక్ట్ చూస్కో. ఇంతకీ మీ వేర్‌హౌస్‌లో ఖాళీలున్నాయా, నైట్ షిఫ్ట్ అయినా పర్లేదు, కోవెంట్రీకి మారిపోతా