పూడిక మట్టి, చిరుధాన్యాలు, కౌలు: సొంతూరికి ముందుగా ఏం చేయాలి?

ఉప్పల్ వాసి:
మాది జనగామ జిల్లాలో ఎర్ర చెల్క నేలలున్న ఊరు. ఉప్పల్, నాచారం ప్రాంతాల్లో స్థిరపడిన మా ఊరి కుటుంబాలవారం కలిసి కొంత సొమ్ము జమ చేశాం. వాన ఒక్కరోజులో కుండపోతగా కురిసి, ఆ తరువాత వారాల తరబడి ముఖం చాటేస్తోంది. ఊళ్లో వరి తప్ప మరో పంట కనిపించడం లేదు, పదో తరగతి దాటిన పిల్లలు అక్కడ నిలవడం లేదు. ఈ సొమ్ముతో చెరువు పూడిక తీయించాలా, చిరుధాన్యాల సాగుకు తోడ్పడాలా, యువతకు ఏదైనా పని నేర్పించాలా? చేసి చూసినవారు దయచేసి చెప్పండి.

మల్కాజిగిరి రైతుబిడ్డ:
ఆలోచించకుండా పూడిక తీయించండి. ప్రభుత్వం చెరువుల పూడిక తీయించిన మిషన్ కాకతీయ మొదలైన మరుసటి ఏడాది, అంటే 2016 వేసవిలో, మా చెరువు మట్టిని మా నాన్నగారు రెండెకరాల చెల్కకు తోలించారు. తవ్వకం ప్రభుత్వానిది, ట్రాక్టరు కిరాయి మాది. ఆ తరువాత మూడేళ్లపాటు యూరియా బస్తాలు తగ్గాయి, వాన వెనుదీసినా మొక్క వాడిపోవడానికి మునుపటికంటే ఎక్కువ రోజులు పట్టింది. ఇది మా ఇంట్లో కళ్లారా చూసిన సంగతి.

విశ్రాంత ఇంజనీరు, తార్నాక:
చిన్న నీటిపారుదల విభాగంలో 31 ఏళ్లు పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను, ఇంత తేలికగా సలహాలు ఇవ్వకండి. కట్ట మొదట్లో తవ్వితే కట్ట బలహీనపడుతుంది. అడుగున నీటిని పట్టి ఉంచే బంకమట్టి పొరను దాటి తవ్వితే చెరువు నిండినా నిలవదు. అంతకంటే ముఖ్యమైనది, మన చెరువులు గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండి అలుగు పోస్తేనే కింది చెరువు నిండుతుంది. వరద తెచ్చే కాలువ ఆక్రమణకు గురై ఉంటే, ఎంత లోతు తవ్వించినా అది ఎండిన గుంతే. ముందు కాలువ చూడండి, తరువాత పొలాలకు నీరు వదిలే తూము చూడండి, ఆ తరువాతే పూడిక.

మల్కాజిగిరి రైతుబిడ్డ:
అయ్యా, మా నాన్నగారు కట్ట మొదట్లో తవ్వలేదు. ఎక్కడ తవ్వాలో ముగ్గు పోసి చూపింది మీ విభాగంవారే. రైతు చెప్పే ప్రతి మాటనూ తెలియనితనంగా కొట్టిపారేయడం వల్లనే ఊళ్లో అధికారుల మాట ఎవరూ వినరు.

జహీరాబాద్ ఆడపడుచు:
మట్టి గొడవ కాసేపు పక్కన పెట్టండి. పస్తాపూర్ చుట్టుపక్కల డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు జొన్న, కొర్ర, సామ, కంది ఒకే చేలో కలిపి వేయడం నేను చిన్ననాటి నుంచి చూశాను. వాన ముందొచ్చినా వెనకొచ్చినా వాటిలో రెండైనా చేతికొస్తాయి. యువత గురించి అడిగారు కదా, ఆ మహిళలే 2008 నుంచి మాచునూరులో సంఘం రేడియో నడుపుతున్నారు. అయితే ఒక్క రైతుతో జొన్న వేయించకండి. చుట్టూ వరి ఉండి నడుమ ఒక్క చేను కంకి వేస్తే ఊరి పిట్టలన్నీ దానిమీదే వాలతాయి. పదిమంది ఒకే చోట వేయాలి. కొర్ర, సామ పొట్టు తీసే యంత్రం ఊళ్లోనే ఉండాలి, లేకుంటే రోటిలో దంచే పని మళ్లీ ఆడవాళ్ల నెత్తినే పడుతుంది. రాజేంద్రనగర్‌లోని చిరుధాన్యాల పరిశోధన సంస్థకు వెళ్లి యంత్రాలను చూసి రండి.

నాచారం, ఒక అన్న:
మా దగ్గర పిట్టలు కాదు, కోతులు. వేరుశెనగ, కూరగాయలు మానేసి అందరూ వరికి మళ్లడానికి అదీ ఒక కారణం. దీనికి ఎవరి దగ్గరైనా పరిష్కారం ఉందా?

కౌలు రైతు కొడుకు, ఎల్బీనగర్:
ఇంతసేపూ ఎవరూ అడగని మాట నేను అడుగుతాను. ఉప్పల్ వాసి గారూ, మీ సంఘంలోని కుటుంబాల భూములను ఊళ్లో ఎవరు దున్నుతున్నారు? మా నాన్న ఇరవై ఏళ్లుగా పట్నంలో ఉండే పటేలు భూమిని ఏడాదికేడాది నోటిమాట మీద కౌలు చేస్తున్నాడు. మట్టి తోలితే మేలు ఒక్క ఏడుతో తీరదు, కొన్నేళ్లపాటు అందుతుంది. వచ్చే ఏడు ఆ భూమి తన చేతిలో ఉంటుందో లేదో తెలియనివాడు ట్రాక్టరు కిరాయి ఎందుకు పెడతాడు? 2018లో రైతుబంధు పెట్టుబడి సాయం వచ్చినప్పుడు డబ్బు పట్టాదారుకే అందింది, పంట ఎండినప్పుడు అప్పు మా నాన్న పేరున మిగిలింది. 2011లో ఉమ్మడి రాష్ట్రంలో భూ అధీకృత సాగుదారుల చట్టం వచ్చింది, కౌలు రైతుకు రుణ అర్హత కార్డు ఇవ్వాలంది. ఆ కార్డు మా నాన్న చేతికి ఎప్పుడూ రాలేదు.

ఉప్పల్ వాసి:
మనసుకు కష్టంగా ఉంది, తమ్ముడూ. మేము ఊరి మేలు కోరి ముందుకు వస్తే దోషుల్లా నిలబెట్టడం న్యాయమా? కాగితం రాస్తే భూమి చేజారిపోతుందన్న భయం మా పెద్దవాళ్లలో నిజంగానే ఉంది.

కౌలు రైతు కొడుకు, ఎల్బీనగర్:
నిందించడం లేదు అన్నా. భూమి మీదే. మూడేళ్ల గడువు రాసిస్తే చాలు, ఆయనే చెమటోడ్చి మట్టి తోలుకుంటాడు.

విశ్రాంత ఇంజనీరు, తార్నాక:
ఈ అబ్బాయి మాటను నేను కాదనలేను. నా ఉద్యోగ కాలంలో పూడిక తీసిన చాలా చెరువుల దగ్గర మట్టి సొంత భూమి ఉన్నవారి చేలకే వెళ్లింది. మరో మాట: తూము తెరిచి మూసే నీరడి వ్యవస్థ పోయింది. పూర్వం పంట చేతికి రాగానే ఆయకట్టు రైతులంతా నీరడికి ధాన్యం కొలిచేవారు. మీ సొమ్ములో కొంత ఒక నీరడి జీతానికి కేటాయించండి. మల్కాజిగిరి బాబూ, మీ నాన్నగారిని నేను తప్పుపట్టలేదు. ఎకరానికి ఎన్ని ట్రాక్టర్లు తోలారో చెప్పండి, అది ఇక్కడివారికి పనికొస్తుంది.

మల్కాజిగిరి రైతుబిడ్డ:
నాన్నగారిని అడిగి రాత్రికి రాస్తాను.

ఉప్పల్ వాసి:
ఆదివారం మా కుటుంబాల సమావేశంలో మూడేళ్ల కౌలు కాగితం సంగతి మొదట నా భూమితోనే మొదలుపెడతాను. ఎల్బీనగర్ తమ్ముడూ, ఆ కాగితంలో మీ నాన్నగారికి ఏ షరతులు ఉంటే ధైర్యంగా ఉంటుందో రాసి పంపగలవా?